కింద పెట్టిన కప్పు

విరిగిన బండి చుట్టూ మూదీ పొద్దున్నుంచి తిరుగుతూనే ఉంది. ఎన్నిసార్లు తిరిగినా యాక్సిల్ అతుక్కోదని ఆమెకూ తెలుసు. అయినా కాళ్ళు ఆగవు. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం పళ్ళెం ముందు కూర్చున్నా, నమాజు చాప మీద కూర్చున్నా, ఇప్పుడే లేచిపోయే మనిషిలా కూర్చునేది.

మర్నాడు పొద్దున పందెం. నఫూద్ ఇసుక దిబ్బల్లో మూడు రోజులు సాగే కార్ల పందెం. దానికి ముందు, ఆ సాయంత్రం మగ్రిబ్ బాంగు వినపడేలోగా, బండిని హాయిల్ ఊరి బయటి మైదానంలో తనిఖీకి నిలబెట్టాలి. బాంగు తర్వాత వచ్చిన బండిని లోపలికి రానివ్వరు. పైగా ఆ బండి మూదీది కాదు. దమ్మామ్‌లో టైర్ల దుకాణాలున్న పెద్దమనిషి ఒకాయన దాన్ని కొని, బాగుచేయించి ఆమె చేతికిచ్చాడు. రెండేళ్ళుగా ఆమె పందెం చివరిదాకా వెళ్ళలేకపోయింది. ఒకసారి ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది, ఒకసారి దిబ్బ దిగుతూ బోల్తా పడింది. ఈసారి కూడా పూర్తి చేయకపోతే స్టీరింగ్ ముందు ఇంకొకరు కూర్చుంటారని ఆయన మర్యాదగానే చెప్పాడు. అంత మర్యాదగా చెప్పడమే మూదీని ఎక్కువ భయపెట్టింది.

బండి ఎలా నడుస్తోందో ఒకసారి చూసుకుందామని పొద్దున్నే ఇసుకలోకి దిగింది. ఒక దిబ్బ ఎక్కుతుండగా ముందు చక్రం దగ్గర పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత ఇంజన్ అరవడమే గానీ ఆ చక్రం తిరగలేదు. అదనంగా తెచ్చుకున్న యాక్సిల్‌ను అంతకు ముందే వాడేశారు. హాయిల్‌లో ఉన్న తమ మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఆ మోడల్ రావడం ఎప్పుడో ఆగిపోయిందనీ, రియాద్ నుంచి తెప్పించేసరికి పందెం ముగిసిపోతుందనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. మీరు ఆగిపోయిన చోటికి దగ్గర్లో ఊరుంది, అక్కడ ముత్లక్ అనే ముసలాయన పెరట్లో అచ్చం అదే బండి ఉంది అన్నాడు. అది ఆయన కొడుకు ఫైహాన్‌ది. కొడుకు పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచీ దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు. కొంటామని వచ్చినవాళ్ళకి కాఫీ తాగించి, కుశలమడిగి, ఉత్త చేతులతో సాగనంపాడట.

"మరి మనం వెళ్ళి ఏం చేస్తాం?" అంది అబీర్.

అబీర్ మూదీకి చెల్లెలు. పందెంలో పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పేది ఆమే. మిగతా రోజుల్లో ఖోబర్‌లో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతుంది. ఇసుక దారుల్లో అక్కకు మలుపులు తప్పకుండా చెబుతుంది గానీ, ఆమె కళ్ళు మాత్రం ఎప్పుడూ దారి పక్కనే ఉంటాయి. ఖోబర్ నుంచి వచ్చే దారంతా అదే గొడవ. పాత మట్టి కోట కనిపిస్తే ఆపమంటుంది. రంగుల తలుపు కనిపిస్తే ఆపమంటుంది. రాతి బొమ్మల కొండ దగ్గరైతే దిగి, మళ్ళీ ఎక్కనంది. ఎప్పటివో ఎవరికీ తెలియని బొమ్మలు. ఒంటెలు, వేటగాళ్ళు, చేతులు పైకెత్తిన ఆడవాళ్ళు. మూదీ ఇంజన్ ఆపకుండానే కిటికీలోంచి చూసింది.

"అక్కా, ఈ ఒంటె కాళ్ళు చూడు. నాలుగూ నేల మీద లేవు. పరిగెడుతోంది."

"అదే పరిగెడుతుంటే మనం ఎందుకు ఆగాం?" అంది మూదీ.

ఇప్పుడు ఆగక తప్పలేదు. మధ్యాహ్నానికి ఆ ఊరి మనిషి ఒకడు, సత్తామ్, తన పికప్ వేసుకుని ఇసుకలోకి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బాగా లావు. దూరం నుంచే బండి మోడల్ గుర్తుపట్టి వచ్చానన్నాడు. అతను ముత్లక్ తమ్ముడి కొడుకేనని మాటల్లో బయటపడింది. తాడు కడుతూ, ఆడవాళ్ళు పందేలు వేయడం, మగవాళ్ళం తాళ్ళు వేసి లాగడం, మంచి రోజులే వచ్చాయని నవ్వాడు. అన్నా, ముందు తాడు గట్టిగా కట్టు, అది కూడా మేమే కట్టుకోవాల్సి వస్తే నీకే నామోషీ అంది అబీర్. అతను ఇంకా గట్టిగా నవ్వాడు. ఫైహాన్ బండి మాటెత్తేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. మా పెదనాన్నని అడిగి లాభం లేదు, కాఫీ మాత్రం ఊళ్ళోకెల్లా బాగుంటుంది, తాగి వెళ్ళండి అన్నాడు.

లాగుతున్న బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం మూదీకి నరకంలా ఉంది. ముందు పికప్ నత్తలా పోతోంది. అబీర్ మెల్లగా అంది.

"కప్పు కింద పెడితే?"

మూదీ ఆమె వైపు తిరిగి చూసింది. ఆ దేశంలో అతిథి తన చేతికిచ్చిన కాఫీ కప్పును కింద పెట్టకూడదు. తాగి చేతికే తిరిగి ఇవ్వాలి, చాలనుకుంటే అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. తాగకుండా కింద పెట్టారంటే అడగడానికి పెద్ద మాట తెచ్చారని అర్థం. ఆ మాట ఏమిటో తెలియకముందే ఇంటాయన, తాగు, నువ్వడిగింది ఇచ్చాను అంటాడు. అనకపోతే ఆయన పరువు పోతుంది. అన్నాక వెనక్కి తీసుకుంటే పరువుతో పాటు ఆ ఇంటి పేరూ పోతుంది.

"అది హత్య చేసినవాడికి క్షమాభిక్ష అడిగేటప్పుడు చేస్తారు" అంది మూదీ. "పిల్లనివ్వమని అడిగేటప్పుడు చేస్తారు. యాక్సిల్ కోసం కప్పు కింద పెట్టామంటే జనం మన మొహాన ఉమ్ముతారు."

"మొహాన ఉమ్మినా పందెంలో ఉంటావుగా."

"వద్దు. మామూలుగా అడుగుతాను. కాదంటే కాదంటాడు."

మూదీ నిజంగానే ఆ మాట అంది. అనుకున్నదీ అదే.

ముత్లక్ సిమెంటు ఇల్లు రోడ్డు పక్కనే ఉంది. దాని వెనకే పాత మట్టి ఇల్లు. అంతా కొత్తింట్లోనే పడుకుంటారు గానీ, ముసలాయన పగలంతా పాతింటి కాఫీ గదిలోనే ఉంటాడు. వచ్చినవాళ్ళు మగైనా ఆడైనా ముందు ఆ గదిలో ఒక కప్పు తాగాకే లోపలికో బయటికో వెళ్ళాలని ఆయన పద్ధతి. పందెం బట్టల మీద నల్లటి అబాయాలు వేసుకుని, చెప్పుల్లో ఇసుక దులుపుకుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఊరి పెద్దలిద్దరు అప్పటికే గోడకు ఆనుకుని ఉన్నారు. ముత్లక్ లేచి నిలబడి రమ్మన్నాడు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు. ఎవరి అమ్మాయిలని అడిగి, వాళ్ళ తాత పేరు వినగానే, ఆయనతో కలిసి ఒంటెలు తోలానన్నాడు. అక్కడి నుంచి తల్లీ అనే పిలిచాడు.

అబీర్ మెడ ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. పొయ్యి వెనక గోడంతా తెల్లటి గచ్చు. దాని మీద ఉలితో చెక్కిన పువ్వులు, నక్షత్రాలు, ఖర్జూరపు చెట్లు, వాటి మధ్యన ముక్కు పొడుగు కాఫీ కూజాలు. కింద నుంచి పొగ తగిలి సగం గోడ నల్లబడింది, నల్లబడిన చోట చెక్కడం ఇంకా లోతుగా కనిపిస్తోంది. పైన దూలాల మీద ఎరుపు, పసుపు గీతలు. గోడలో ఎత్తున మూడు మూలల కన్నాలు, గాలికి, బయట ఎవరొచ్చారో చూసుకోవడానికి. ఇదంతా మా అమ్మ పెళ్ళినాటికి చెక్కించారని ముత్లక్ చెప్పాడు. వానలకు ఒక మూల కరిగింది, మళ్ళీ చెక్కేవాడు దొరకలేదు, దొరికినా తనకు నచ్చలేదు అన్నాడు.

మూదీకి గోడ కనిపించలేదు. పైనున్న కన్నంలోంచి పడిన ఎండ కార్పెట్ మీద ఎంతవరకు జరిగిందో చూస్తోంది. సత్తామ్ ఎడమ చేత్తో కూజా పట్టుకుని కుడి చేత్తో కప్పు అందించాడు. యాలకుల వాసన, లేత రంగు కాఫీ. మూదీ మాట ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది. ముందు ఆయన కొడుకు గురించి దుఃఖం తెలపాలి. తర్వాత తాత గురించి ఒక మాట. ఆ తర్వాత తన బండి. ఆ తర్వాత...

అప్పుడు బయట ఇంజన్ చప్పుడు వినిపించింది. దూరంగా మొదలై, ఒక్కసారిగా దగ్గరై, ఊరి పక్క దిబ్బ మీదుగా ఎవరిదో పందెం బండి దూసుకుపోయింది. గేరు మార్చిన చప్పుడు, ఎక్కేటప్పుడు ఇంజన్ పట్టుకున్న గొంతు, శిఖరం మీద ఒక్క క్షణం ఖాళీ, మళ్ళీ దిగుతున్న మోత. మూదీ గోడ దగ్గర నిలబడి కన్నంలోంచి చూస్తోంది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. ఎర్ర బండి. వెనక చక్రాలు కొంచెం జారుతున్నాయి, గాలి ఇంకాస్త తీయాలి టైర్లలో అనుకుంది. ధూళి అణిగిపోయాక వెనక్కి తిరిగింది.

పెద్దలిద్దరూ కార్పెట్ వైపు చూస్తున్నారు. ఆమె కూర్చున్న చోట, కార్పెట్ మీద, నిండుగా ఆమె కప్పు ఉంది. అబీర్ మొహం తెల్లబోయింది.

ముత్లక్ గొంతు మామూలుగానే ఉంది. "తాగు తల్లీ. నువ్వు ఏ మాట కోసం వచ్చావో, అది ఇచ్చాను."

పొరపాటున పెట్టానని అప్పుడే చెప్పేయవచ్చు. కానీ ఇద్దరు పెద్దల ముందు ఆయన మాట ఇచ్చేశాడు. కారు చూడడానికి లేచాను, నాకేమీ అక్కర్లేదు అంటే, అడగని దానికి మాట పారేసుకున్న ముసలాయనగా ఊళ్ళో నవ్వులపాలవుతాడు. చిన్నదేదో అడిగితే, ముత్లక్ పొయ్యి దగ్గర కప్పు కింద పెట్టి ఉప్పు అడిగారంటారు. ఇదంతా మూదీ ఆలోచించింది. ఆలోచించిందని తర్వాత తనకు తాను చెప్పుకుంది కూడా. కానీ ఆ క్షణంలో నోరు తెరిచేసరికి బయటికి వచ్చిన మాట వేరే.

"పెదనాన్నా, ఫైహాన్ బండి ముందు యాక్సిల్ కావాలి. రేపు పందెం."

పెద్దల్లో ఒకాయన గడ్డం గీరుకున్నాడు. ముత్లక్ రెప్ప కూడా కదపలేదు.

"నీదే. తాగు."

మూదీ కూర్చుని తాగింది. కాఫీ చల్లారింది. సత్తామ్ కూజా కింద పెట్టి పానాలు తేవడానికి వెళ్ళాడు.

పెరట్లో రేకుల పందిరి కింద బండి ఉంది. గుడ్డ లాగితే దాని మడతల్లోంచి ఇసుక జలజలా రాలింది. రంగు కూడా తన బండి రంగే. మూదీ చేతులు ఎప్పటిలా చకచకా పనిచేస్తున్నాయి. గోనె పరిచి కిందకు దూరింది. ముందు చక్రాలు రెండూ బాగా ఎడమ వైపుకు తిరిగి ఉన్నాయి. వాటికి ఆనుకుని ఇసుక గట్టుకట్టింది. దాన్ని చేత్తో తోడేసి, చక్రం నట్లు వదులు చేసి, జాకీ సరైన చోట పెట్టింది. చక్రం ఊడదీయాలి, హబ్బు విప్పాలి, యాక్సిల్ బయటికి లాగాలి. అబీర్ కూడా చేయి వేస్తే, తిరిగి బిగించి హాయిల్ చేరేసరికి బాంగుకు ఇంకా సమయం మిగులుతుంది.

బండి కొంచెం కిందకు కుంగింది. ఎవరో ఎక్కి కూర్చున్నారు.

మూదీ కింద నుంచి బయటికి పాక్కుంటూ వచ్చి చూసింది. డ్రైవరు పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ముసుగు వెనక్కి వేసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందున్న అద్దంలోంచి గోడ వైపు చూస్తోంది. సత్తామ్ చేతిలోని పానా చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, అటు వెళ్ళిపోయాడు. హుస్సా అని, ముత్లక్ భార్య అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పెద్దమ్మా, బండి పైకి లేపాలి. మీరు కాస్త దిగితే..."

"దిగుతాను" అంది హుస్సా. దిగలేదు.

మూదీ ఇటు నిలబడింది, అటు నిలబడింది. పందిరి నీడ గోడ మీదకు పాకుతోంది. చివరికి అటు వైపు తలుపు తీసింది.

"కూర్చోనా?"

"కూర్చో. సీటు ముందుకు జరపకు."

సీటు బాగా వెనక్కి ఉంది. ఫైహాన్ తండ్రిలాగే పొడుగు మనిషి కాబోలు. మూదీ కాళ్ళు పెడల్స్‌కు అందలేదు. గాలిలో వేలాడుతున్న కాళ్ళతో ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

హుస్సా అటు తిరగకుండానే చెప్పింది. ఆ ఆఖరి రోజు తాను ఇక్కడే చాప వేసి పెరుగు ఉండలు ఎండబెట్టుకుంటోంది. కొడుకు గేటులోంచి ఎప్పటిలా దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. చాప మీదకి వచ్చేస్తాడనుకుంది. ఆఖరి క్షణంలో స్టీరింగ్ తిప్పేశాడు. ఒక్క ఉండ చితకలేదు. అయినా ఊరుకోలేదు, కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టింది. వాడు నవ్వుతూ దిగి, ఒక ఉండ నోట్లో వేసుకుని, బయట కాచుకున్న స్నేహితుడి కారెక్కి రియాద్ రోడ్డు పట్టాడు.

"వాడు తోలిన బండి ఇదిగో, చెక్కు చెదరలేదు" అంది. "వాడెక్కి పోయిన స్నేహితుడి బండిలో ఏమీ మిగల్లేదు. ఈ చక్రాలు వాడు తిప్పినట్టే ఉన్నాయి. నేనొచ్చి చూసుకుంటాను. పిచ్చి అనుకో."

మూదీ ఆమె వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఆ కప్పు నేను కావాలని పెట్టలేదు. బయట బండి చప్పుడు విని లేచాను. పొరపాటు."

హుస్సా అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"మరి తాగేశావుగా."

మూదీ చేతుల మీది ఇసుక దులుపుకుంది.

హుస్సా గొంతు పెంచలేదు. ఆయన మాట ఇచ్చాడు, నలుగురిలో ఆయన మాట కాదని ఆయన తల దించను అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ దించలేదు, ఇప్పుడూ దించను. నీ పని నువ్వు చేసుకో. నేను ఇటు రాకుండా ఉందామనుకున్నాను, పానా చప్పుడు వినేసరికి ఉండలేకపోయాను. ఇదిగో దిగిపోతాను, కాళ్ళు రావడం లేదు, ఒక్క నిమిషం ఆగమంది.

మూదీ ఆగింది. ఆమె చేయాల్సింది అంతే, ఆగడం. ఇంకాసేపట్లో పెద్దావిడ దిగి వెళ్ళిపోతుంది. ఎవరూ కాదనరు, ఎవరూ తర్వాత ఒక మాటైనా అనరు. మర్నాడు పొద్దున తాను జెండా ఊపే చోట నిలబడుతుంది, మూడో రోజు సాయంత్రం చివరి గీత దాటుతుంది. ఎదురుగా గోడ మీద పందిరి నీడ ఇంకొంచెం పైకి పాకింది. హుస్సా తలుపు పిడి మీద చేయి వేసింది. ఆ చేయి పిడి మీదే ఉండిపోయింది. అది తిరుగుతుందేమోనని మూదీ చూస్తూనే ఉంది, తిరగాలని కోరుకుంటూనే ఉంది. అలా కోరుకుంటున్న తనను చూసి ఆమెకే భయమేసింది.

మూదీ ముందు తానే దిగింది. తలుపు మెల్లగా వేసింది. కిందకు దూరి వదులు చేసిన నట్లన్నీ తిరిగి బిగించింది. జాకీ లాగేసింది. చక్రం దగ్గర తోడేసిన ఇసుకను దోసిళ్ళతో తెచ్చి, మళ్ళీ మునుపటిలా గట్టు పెట్టబోయింది. కొత్తగా పోసిన ఇసుక నిలవలేదు, జారిపోతోంది. మళ్ళీ పోసింది, మళ్ళీ జారింది.

"వదిలెయ్" అంది లోపల్నుంచి హుస్సా.

కాఫీ గదిలో అంతా అలాగే కూర్చుని ఉన్నారు. అబీర్ ఒళ్ళో కాగితం మీద గోడ మీది నక్షత్రం సగం వేసింది. మూదీ గుమ్మంలోనే నిలబడి, కలవలేదు పెదనాన్నా అంది. చూడడానికి ఒకటే బండి గానీ, యాక్సిల్ పళ్ళు వేరు. మాది తర్వాతి ఏడాదిది కాబోలు, మార్చేశారు. వేసినా నిలవదు.

ఆమె వెనకే వచ్చిన సత్తామ్ నోరు తెరిచాడు. రెండూ ఒకటేనని అతనికి తెలుసు, ఫైహాన్ బండికి ఎన్నోసార్లు చేయి వేసినవాడే. ముత్లక్ అతని వైపు చూశాడు. సత్తామ్ తెరిచిన నోటితో దగ్గాడు.

"పందెం వేసేది ఆ అమ్మాయి. పళ్ళ సంగతి ఆమెకు తెలియదా" అన్నాడు ముత్లక్. తర్వాత మూదీ వైపు తిరిగాడు. "నేను ఇచ్చానా?"

"ఇచ్చారు పెదనాన్నా."

"వీళ్ళిద్దరూ విన్నారా?"

విన్నామని పెద్దలిద్దరూ తలూపారు.

"అయితే నీకిచ్చిన మాట బాకీ నా దగ్గర ఏమీ మిగల్లేదు" అన్నాడు. అని పొయ్యిలోని బొగ్గుల్ని కర్రతో కదుపుతూ ఉండిపోయాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

పెరట్లోకి వచ్చాక అబీర్ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"పళ్ళు ఒకటేగా."

"ఒకటే."

"గెలవడానికి నువ్వు చెప్పిన అబద్ధాలు చాలా విన్నాను అక్కా. ఓడిపోవడానికి చెప్పింది ఇదే."

మూదీ నవ్వలేదు. ఫోన్ తీసి దమ్మామ్ పెద్దమనిషికి చెప్పింది. బండి తనిఖీకి రావడం లేదు, పందెంలో ఉండను అంది. ఎందుకో వివరంగా చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, ఏమని చెప్పాలి? యాక్సిల్ దొరకలేదంది. ఆయన ఎప్పటిలాగే మర్యాదగా, అల్లా ఏది చేసినా మంచికే, ఆ బండిని మాత్రం జాగ్రత్తగా దమ్మామ్ చేర్చమన్నాడు. ఆ బండిని అన్నాడే గానీ, నీ బండిని అనలేదు.

మగ్రిబ్ బాంగు ఊళ్ళోని మసీదు నుంచి వినిపించినప్పుడు మూదీ పెరట్లో అటూ ఇటూ నడుస్తోంది. బాంగు అయిపోయేదాకా నడుస్తూనే ఉంది. బండిని ఎక్కించుకుపోయే లారీ మర్నాడు గానీ రాదు. ముత్లక్ గొర్రెను కోయించాడు, వెళ్ళనివ్వలేదు. ఆడవాళ్ళ గదిలో పళ్ళెం చుట్టూ అందరూ కూర్చున్నారు. హుస్సా మెత్తటి మాంసం ముక్కలు తుంచి మూదీ వైపు తోసింది. ఆ బండి మాట ఎవరూ ఎత్తలేదు. అబీర్ మాత్రం గోడ గురించే అడిగింది. కరిగిన మూలలో ఏ పువ్వు ఉండేదో హుస్సాకు గుర్తుంది. వేలితో అన్నంలో గీసి చూపించింది.

మర్నాడు పొద్దున లారీ వచ్చేలోపే పందెం ఊరి పక్కగా వచ్చింది. జనమంతా ఫ్లాస్కులు, ఖర్జూరాలు పట్టుకుని దిబ్బ ఎక్కారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఇంకో వైపు. రాకూడదనుకుంటూనే మూదీ అందరికంటే ముందు ఎక్కింది. మొదటి బండి ధూళి కనిపించక ముందే ఆమెకు చప్పుడు వినిపించింది. ఇప్పుడు గేరు మారుస్తాడు అనుకుంది, మార్చాడు. ఇప్పుడు యాక్సిలరేటర్ వదులుతాడు అనుకుంది. వాడు వదల్లేదు, శిఖరం మీద బండి గాల్లోకి లేచింది, జనం అరిచారు. మూదీ కుడి పాదం ఇసుకను నొక్కుతోంది. ఒక్కో బండి వస్తుంటే పాదం ఇంకా లోతుకు దిగుతోంది. పైనున్న వేడి ఇసుక దాటి, కింద ఇంకా చల్లగా ఉన్న ఇసుక తగిలింది.

ఆడవాళ్ళలో చిన్న కదలిక వచ్చింది. హుస్సా దిబ్బ ఎక్కి వస్తోంది. అబీర్ భుజం పట్టుకుని, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చి, మూదీ పక్కన కూలబడింది. అందరూ ఒకసారి ఆమె వైపు చూశారు. ఇంకో బండి వచ్చింది, వెళ్ళింది. హుస్సా ముసుగు కింద నుంచి ఆ ధూళినే చూస్తూ అడిగింది.

"ఇందులో నువ్వెక్కడుండేదానివి?"

మూదీ చప్పుళ్ళు విన్నది. ముందు వెళ్ళిపోయినవి, ఇంకా దిబ్బల వెనక ఉన్నవి.

"నేనింకా రాలేదు పెద్దమ్మా" అంది.

హుస్సా తలూపింది. కొంచెం ముందుకు వంగి, బండ్లు వచ్చే వైపు చూసింది.